ఇంటి దగ్గర ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఎంట్రా పాస్‌వర్డ్ రీసెట్ ఎంతవరకు పనికొస్తుంది

ఆఫీసు హైదరాబాద్‌లో, ల్యాప్‌టాప్ విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో. పాస్‌వర్డ్ గడువు తీరినప్పుడు ఇలాంటివాళ్లు ఐటీకి ఫోన్ చేయకుండా మార్చుకునేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సదుపాయమే ఎంట్రా సెల్ఫ్ సర్వీస్ పాస్‌వర్డ్ రీసెట్. ఎంట్రా అంటే ఆఫీసు అకౌంట్లనూ లాగిన్‌లనూ చూసుకునే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ.

ల్యాప్‌టాప్ ఎంట్రాలో మాత్రమే చేరినదైతే దీనికి వంక పెట్టలేం. లాక్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ పెట్టె కింద ఉన్న 'రీసెట్ పాస్‌వర్డ్' నొక్కి, ఫోన్‌కి వచ్చిన కోడ్ కొట్టి, కొత్తది పెట్టుకుని లోపలికి వెళ్లిపోవచ్చు. నెట్ ఉండాలి, ఫోన్ నంబరో ఆథెంటికేటర్ యాపో ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. ఆ లింకు దానంతటదే కనిపించదు, ఐటీ వాళ్లు ఇంట్యూన్‌లోనో (ల్యాప్‌టాప్‌లను దూరం నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) విండోస్ రిజిస్ట్రీలోనో (సెట్టింగులు దాచే చోటు) ఆన్ చేయాలి.

చిక్కంతా హైబ్రిడ్ ల్యాప్‌టాప్‌లతోనే, అంటే ఆఫీసు డొమైన్‌లోనూ (ఆఫీసు సొంత సర్వర్ నడిపే నెట్‌వర్క్) ఎంట్రాలోనూ చేరినవాటితో. రైట్‌బ్యాక్ (ఎంట్రాలో మార్చినదాన్ని ఆఫీసుకి తిరిగి పంపే సదుపాయం) ఆన్ చేసి ఉంటే కొత్త పాస్‌వర్డ్ డొమైన్ కంట్రోలర్‌కి, అంటే లాగిన్‌లు సరిచూసే ఆఫీసు సర్వర్‌కి, చేరుతుంది. దీనికి ఎంట్రా పీ1 అనే పెయిడ్ లైసెన్సు కావాలి. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ కబురు అందదు. డొమైన్ అందనప్పుడు విండోస్ తన దగ్గర దాచుకున్న పాత ఆనవాలుతోనే సరిచూస్తుంది. అందుకే మెయిల్, వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే దారి) కొత్తది అడుగుతుంటే లాక్ స్క్రీన్ అదే కొత్తదాన్ని తప్పంటుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి మళ్లీ రీసెట్ చేస్తారు. దానివల్ల ఏమీ మారదు.

పాతదానితోనే లాగిన్ అవ్వండి. కొత్తదానితో వీపీఎన్ కలపండి. వీపీఎన్ తెగకుండా విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవండి. డొమైన్ సరే అనగానే ల్యాప్‌టాప్‌లో దాచినదీ మారిపోతుంది. లాక్ బదులు రీస్టార్ట్ చేస్తే వీపీఎన్ తెగి కథ మొదటికొస్తుంది. తర్వాత విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పాస్‌వర్డ్ ఏదైనా మిగిలిందేమో చూసి తీసేయండి. అది వెనకాల ప్రయత్నిస్తూనే ఉంటే అకౌంట్ లాక్ కావచ్చు.

గడువు తీరకముందే, వీపీఎన్ కలిపి ఉండగా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి 'చేంజ్ ఎ పాస్‌వర్డ్'లో మార్చుకుంటే ఇదంతా ఉండదు. డొమైన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి మారుతుంది. హైబ్రిడ్ వాళ్లకి మా సలహా ఇదే; రీసెట్ లింకును ఆపద్ధర్మంగా ఉంచుకోండి. సెట్టింగులు ముట్టుకోని డొమైన్‌లో గడువు 42 రోజులు, విండోస్ హెచ్చరిక చివరి 5 రోజుల్లోనే వస్తుంది. ఆ వారం వీపీఎన్ కలపకపోతే హెచ్చరికా కంటపడకపోవచ్చు, కాబట్టి తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

పాతది కూడా మర్చిపోయిన హైబ్రిడ్ వాళ్లకి ఈ రీసెట్ ఒక్కటే చాలదు. లాగిన్‌కి ముందే మెషీన్ సర్టిఫికెట్‌తో (ల్యాప్‌టాప్‌కి ఇచ్చిన డిజిటల్ గుర్తింపు) కలిసే డివైస్ టన్నెల్ అనే వీపీఎన్ ఉంటే లాక్ స్క్రీన్ నుంచే పని అయిపోతుంది, కాకపోతే దానికి విండోస్ ఎంటర్‌ప్రైజ్ లేదా ఎడ్యుకేషన్ ఎడిషన్ కావాలి. విజయవాడ, గుంటూరుల్లో పదిమందిని ఇంటినుంచి పనిచేయిస్తున్న కంపెనీ ఆ ఖర్చు పెట్టుకోవడమే న్యాయం. అసలు నిర్ణీత గడువు పెట్టాలన్న సిఫార్సును మైక్రోసాఫ్టే 2019లో తన సెక్యూరిటీ బేస్‌లైన్ (విండోస్‌కి సూచించే భద్రతా సెట్టింగుల జాబితా) నుంచి తీసేసింది. రెండంచెల ధృవీకరణ ఉన్నచోట ఇంకా 42 రోజులే ఎందుకని మీ ఐటీ వాళ్లని అడగండి.