మెట్లు, బాత్రూం, భోజనం వేళ: పెద్దవాళ్ల గుంపుతో హైదరాబాద్ చుట్టూ ఒక్కరోజు యాత్రలు

కాలనీ పెద్దలో, వాకర్స్ క్లబ్బువాళ్లో ఓ ఇరవై మంది కలిసి ఎక్కడికైనా వెళ్దామనుకోగానే ముందు కిలోమీటర్లు లెక్కపెడతారు. అరవై అయిదు, డెబ్భై దాటినవాళ్లకి ఆ లెక్క అంత ముఖ్యం కాదు. ఎన్ని మెట్లు ఎక్కాలి, గంటన్నరకి ఒకసారైనా శుభ్రమైన బాత్రూం దొరుకుతుందా, మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం ముందు కూర్చోగలమా అన్న మూడింటిమీదే రోజు బాగుండటమో, పాడవడమో ఉంటుంది. రోజుకి ఒక పెద్ద చోటు, దానికి దగ్గర్లో ఒక చిన్న చోటు చాలు. మూడోది కలిపితే చివరి చోట సగం మంది బస్సు దిగరు.

మొదటిసారి కలిసి వెళ్లే గుంపుకి భూదాన్ పోచంపల్లిని మించింది లేదు. విజయవాడ రహదారి వైపు సుమారు 50 కిలోమీటర్లు. ఊరంతా చదును, కొండలు ఎక్కే పని లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది ఇక్కడే. ఆ రోజుల్లో పుట్టినవాళ్లు, ఆ మాటలు వింటూ పెరిగినవాళ్లు గుంపులో ఉంటారు కాబట్టి వినోబా మందిరం దగ్గర తొందరపెట్టకుండా అరగంట వదిలేయండి. మగ్గాలు చూడాలంటే నేత ఇళ్లకి ఎనిమిది మందికి మించి ఒకేసారి వెళ్లకూడదు. గుంట మగ్గం ఉన్న గదులు ఇరుకు, గుమ్మాలు పొట్టి, బయటి ఎండలోంచి లోపలికి రాగానే నేలమీది గుంట కళ్లకి ఆనదు. ఒక నిమిషం గుమ్మం దగ్గర ఆగి అడుగేయమనాలి. దారాలకి చిటికి కట్టి రంగులద్దడం, ఆసు పోయడం (నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం) చూపించమని అడగండి. ఒక్కో చీరకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాల్సి వచ్చే ఆసు పని ఆడవాళ్ల భుజాలని ఎంత అరగదీసేదో, చింతకింది మల్లేశం చేసిన యంత్రం ఏం మార్చిందో అక్కడివాళ్లు చెబితే వినాలి. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. చీరల కొనుగోలు మాత్రం భోజనం తర్వాతే పెట్టుకోండి. ముందు పెడితే భోజనం మూడింటికి పోతుంది.

యాదగిరిగుట్ట వరంగల్ రహదారి వైపు 65 కిలోమీటర్ల లోపే. 2022 మార్చిలో కొత్త ఆలయం తెరిచాక చాలా వసతులు పెరిగాయి, గుట్టపైకి బస్సులున్నాయి. అయినా ప్రాంగణం పెద్దది, పాదరక్షలు లేకుండా నడవాలి, రాతి పరుపు ఎండకి కాలుతుంది. అందుకే పదిలోపు దర్శనం అయిపోయేలా నగరంలో ఆరింటికే కదలాలి. మంగళ, బుధ, గురువారాలు మేలు. శని, ఆదివారాలు, కార్తీక మాసం వద్దు. స్వాతి నక్షత్రం రోజు తెల్లవారుజామున గిరిప్రదక్షిణకి జనం వస్తారు, పంచాంగం చూసి ఆ తేదీ తప్పించండి. గుట్టతో పాటు రెండో చోటుగా చాలామంది భువనగిరి కోట అంటారు. అది ఏకశిల మీద మెట్లెక్కి పోయే కోట, పెద్దవాళ్ల గుంపుకి పనికిరాదు, కింద నుంచి చూసి సాగిపోవడమే. ఆలేరు దగ్గరి కొలనుపాక జైన ఆలయం చక్కటి జత. నిశ్శబ్దంగా ఉంటుంది, నీడ ఉంటుంది, కూర్చోడానికి చోటుంటుంది.

కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు వరంగల్ రహదారికి ఉప్పల్ మీదుగా కాకుండా అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్ దగ్గర దిగితే నడుములు దక్కుతాయి. కిలోమీటర్లు, టోలు కాస్త పెరుగుతాయి, పెరగనివ్వండి.

మెదక్ కాస్త దూరం, వంద కిలోమీటర్లకి అటూ ఇటూ. కానీ దిగాక శ్రమ తక్కువ. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో పనీ అన్నం రెండూ ఇస్తూ కట్టించిన చర్చి ఇది, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. రంగు అద్దాల కిటికీల అందం పగటి వెలుగు బయటి నుంచి పడితేనే, చీకటి పడితే ఏమీ కనిపించదు. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది కాబట్టి వేరే రోజు ఎంచుకోవాలి. దగ్గర్లోని ఏడుపాయల వనదుర్గ గుడికి వానాకాలంలో ముందే కనుక్కుని వెళ్లండి. మంజీర పొంగితే గర్భగుడి నీళ్లలో ఉంటుంది, పూజలు రాజగోపురం దగ్గరే జరుగుతాయి. శివరాత్రి జాతర మూడు రోజులూ ఆ దారే వద్దు.

ముచ్చింతల్‌లోని 216 అడుగుల రామానుజుల విగ్రహం విమానాశ్రయానికి దగ్గర. మధ్యాహ్నం మూడున్నర తర్వాత చేరుకునేలా పెట్టుకోవాలి. దాని చుట్టూ ఉన్న 108 దివ్యదేశాల నమూనా గుళ్లన్నీ తిరగాలని పట్టుపడితే మోకాళ్లు సహకరించవు, ఎవరి ఓపిక మేరకి వాళ్లు చూసి ఒకచోట కలుసుకోవాలి. బుధవారం సెలవు. నగరంలోనే ఉండిపోదామనుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండూ శుక్రవారం మూసేస్తారు. గోల్కొండ పైదాకా ఎక్కే ఆలోచన మానుకుని, కోట ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్ల ప్రతిధ్వని విని, పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల తోటలో నడిస్తే చాలు.

నాగార్జునసాగర్‌ని ఒక్కరోజులో ముగించకండి. పోనూ రానూ 300 కిలోమీటర్లు, పైగా నాగార్జునకొండకి వెళ్లే లాంచీ నిండేదాకా ఎదురుచూపు. ఒక రాత్రి ఉండాలి. టూరిజం వాళ్ల విజయవిహార్ నుంచి జలాశయం కనిపిస్తుంది. ఎక్కడ గది తీసుకున్నా అడగాల్సినవి ఇవే: కింది అంతస్తు ఇస్తారా, కమోడ్ ఉందా, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఉందా, వేడినీళ్లు ఎన్నింటి నుంచి, కరెంటు పోతే లిఫ్టుకి జనరేటర్ ఉందా. ఫోన్‌లో ‘అన్నీ ఉన్నాయండీ’ అంటే సరిపోదు, బాత్రూం ఫోటో పంపమనండి. నాగార్జునకొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. దగ్గర్లోని ఎత్తిపోతల జలపాతం ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది, తెలంగాణ బండికి అక్కడి పన్ను ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలి. వరంగల్, రామప్ప కలిపినా అంతే, రాత్రి హనుమకొండలో ఉండాల్సిందే. వరంగల్ ఒక్కటే అయితే రైలు నయం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు, రైల్లో లేచి నడవొచ్చు, బాత్రూం ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఒక టికెట్ మీద ఆరుగురికే సీట్లు వస్తాయి, కాబట్టి ఇరవై మందికి నాలుగు టికెట్లు. పెద్దల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఆడవాళ్లే ఎక్కువున్న చిన్న గుంపైతే ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ ఉచితం. సీటు దొరకడం మాత్రం బస్సు బయల్దేరే చోటే ఎక్కితేనే.

సొంతంగా బండి మాట్లాడుకుంటే 17 సీట్ల టెంపో ట్రావెలర్‌లో 13 మందినే ఎక్కించండి. వెనక వరస చక్రాల మీద పడుతుంది, ప్రతి గుంతా వెన్నుకి తగులుతుంది, ఆ వరసని సంచులకి వదిలేయాలి. మెట్టు ఎత్తు ఎక్కువ. తలుపు దగ్గర వేయడానికి జానెడు ఎత్తు చెక్కపీట, కాళ్లకి రబ్బరు బిళ్లలు కొట్టినది, వెంట ఉండాలి. ప్లాస్టిక్ స్టూలు జారుతుంది. బేరం చేసేటప్పుడు కిలోమీటర్లు షెడ్డు నుంచి షెడ్డుకా, ఎక్కిన చోటు నుంచా అన్నది తేల్చుకోండి. డ్రైవర్ బత్తా, టోలు, పార్కింగ్ ఎవరివో, బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తారో లేదో వాట్సాప్‌లో రాయించుకుంటే సాయంత్రం మాట తేడా రాదు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది మొహమాటం దగ్గర. బండి ఆపమని అడగలేక పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తల తిరుగుతుంది, కాళ్లు పట్టేస్తాయి. ఎవరూ అడగకుండానే గంటన్నరకోసారి బండి ఆగుతుందని బయల్దేరేముందే చెప్పేయండి. బీపీకో గుండెకో నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర) వేసుకునేవాళ్లు ఆ రోజు ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్నే అడగాలి, సొంతంగా మానేయకూడదు. షుగర్ మాత్ర వేసుకుని క్యూలో నిలబడి భోజనం దాటేస్తే చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలవుతాయి. వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూసి, తర్వాత ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033. ఇన్సులిన్‌ని ఆగి ఉన్న బండిలో వదలకూడదు, ఎండకి పాడవుతుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో చిటికెడు వేసి తాగితే కొలత తప్పుతుంది. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు దాన్నీ అడిగే తాగాలి.

ప్రతి ఒక్కరి జేబులో ఒక కాగితం ఉండాలి: పేరు, ఇంట్లోవాళ్ల నంబరు, వేసుకునే మందులు, పడని మందులు. గుళ్లలో ఫోన్లు డిపాజిట్ చేసినప్పుడు పనికొచ్చేది అదే. కలుసుకునే చోటు, వేళ కూడా దాని వెనకే రాయండి.

డబ్బు వసూలు బయల్దేరే ముందు వారమే పూర్తవ్వాలి. ఒంట్లో బాగాలేక చివరి రోజు ఆగిపోయేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకి భోజనం వాటా తిరిగి ఇస్తారని, బండి వాటా ఇవ్వరని మొదటి సందేశంలోనే రాసిపెట్టండి.