బీరువాలో పచ్చబడ్డ పసిపిల్లల బట్టలు: ఎండా, ఆక్సిజన్ పొడా, బ్లీచా? ఏది మేలు?

పెద్దదాని జుబ్బాలు చిన్నవాడికి పనికొస్తాయని దాచిపెడతాం. తీరా తీసి చూస్తే మెడ చుట్టూ, రొమ్ము మీద పసుపుపచ్చ మచ్చలు. దాచినప్పుడు తెల్లగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. నిజానికి మచ్చ అప్పుడూ ఉంది, కంటికి ఆనలేదంతే. పిల్లలు కక్కిన పాలలో మాంసకృత్తులతో పాటు కొవ్వు ఉంటుంది. చన్నీళ్ళలో ఉతికితే పైకి కనిపించే పాలచార పోతుంది గానీ, కొవ్వు కొంత పోగుల్లో మిగిలిపోతుంది. నెలల తరబడి గాలి తగిలి అది ముక్కిపోయి రంగు తేలుతుంది. డబ్బాపాల మచ్చ ఇంకా మొండిది, ఎందుకంటే ఆ పొడిలో వంటనూనెలు, ఇనుము కలుపుతారు. బోరునీళ్ళతో ఉతికే ఇళ్ళలో మరో చిక్కు. నీటిలోని సున్నం సబ్బుతో కలిసి తెట్టులా బట్టకు పట్టుకుంటుంది, కొవ్వును వదలనివ్వదు.

ఏ మందు వాడాలో తేల్చుకునే ముందు మచ్చ ఎక్కడుందో చూడండి. మెడ, రొమ్ము, చేతి అంచుల దగ్గరైతే పాలు. తల ఆనే చోట, వీపు మీద పలచగా పరుచుకుని ఉంటే ఒంటికి రాసిన నూనె. మడత అంచుల వెంట, లేదా కవరుకు తగిలిన వైపే పచ్చబడితే అది పాల మచ్చ కాదు. కొన్ని ప్లాస్టిక్ కవర్లలో, అట్టపెట్టెల్లో ఉండే బీహెచ్‌టీ అనే రసాయనం బట్టలోకి చేరి, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఆ రంగు తెస్తుంది. ఎర్రమట్టి రంగు చుక్కలైతే నీటిలోని ఇనుము గానీ, తుప్పు పట్టిన హుక్కులు గానీ కారణం.

ఎండ, నిమ్మరసం

ఖర్చు లేని దారి ఇదే, కొన్ని మచ్చలకు దీన్ని మించింది లేదు. తల్లిపాలు తాగే బిడ్డ పొత్తిగుడ్డల మీద మిగిలే పచ్చటి విరేచనం మరక, కవరు వల్ల వచ్చిన పచ్చదనం, వంటింటి పసుపు మరక – ఈ మూడూ ఎండకు విరుగుతాయి. బట్ట తడిగా ఉండాలి. ఆరిపోతున్నప్పుడల్లా నీళ్ళు చిలకరిస్తూ, మచ్చ ఉన్న వైపు పైకి పెట్టి, రెండు మూడు గంటలు ఉంచాలి. ఒక నిమ్మకాయ రసాన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపి మచ్చ మీద పూస్తే ఇనుము చుక్కలు కూడా తగ్గుతాయి. తర్వాత బాగా జాడించాలి, పులుపు పోగుల్లోనే ఆరిపోతే నూలు నీరసిస్తుంది. రంగు బట్టల మీద నిమ్మరసం వద్దు.

అయితే ముక్కిపోయిన పాలకొవ్వు దగ్గర ఎండ చేసేది తక్కువ. రంగు కాస్త తేలిపోతుంది, కొవ్వు మాత్రం అక్కడే ఉంటుంది. మళ్ళీ దాస్తే మళ్ళీ పచ్చబడుతుంది. 'ఎండలో వేస్తే పోయింది, మళ్ళీ వచ్చింది' అనే మాట వెనక ఉన్నది ఇదే.

ఆక్సిజన్ పొడి

సోడియం పెర్‌కార్బొనేట్ అనే తెల్లటి పొడి. వానిష్ లాంటి మరకల పొడుల్లో ముఖ్యమైన సరుకు ఇదే. ఆన్‌లైన్‌లో విడిగానూ దొరుకుతుంది. నీళ్ళలో వేస్తే రెండుగా విడిపోతుంది: బట్టల సోడా ఒకటి, హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండోది. సోడా కొవ్వును వదిలిస్తుంది, పెరాక్సైడ్ రంగును విరిచేస్తుంది. పాత పాల మచ్చకు కావలసినవి ఆ రెండే. అందుకే తెల్ల నూలు బట్టలకు దీనికే మొదటి ఓటు.

చాలామందికి ఇది పనిచేయనిది చన్నీళ్ళలో వేయడం వల్ల. 50–60 డిగ్రీల వేడి ఉంటేనే జోరుగా పనిచేస్తుంది. థర్మామీటరు అక్కర్లేదు, మరిగిన నీళ్ళు ఎన్నో కుళాయి నీళ్ళు అన్ని కలిపితే ఇంచుమించు ఆ వేడికి వస్తాయి.

ముందు కొవ్వు సంగతి చూడాలి. బట్ట తడపకుండా మచ్చ మీదే గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి వేలితో రుద్ది పావుగంట వదలండి. ఆపైన గోరువెచ్చటి నీళ్ళలో ఎంజైములున్న డిటర్జెంట్‌తో గంటసేపు నానబెట్టి పిండేయండి. ఇక్కడ నీళ్ళు మరీ వేడిగా ఉండకూడదు, ఎంజైములు చచ్చిపోతాయి. అప్పుడు ప్లాస్టిక్ బకెట్‌లో వేడి నీళ్ళు 5 లీటర్లు, విడిగా కొన్న పెర్‌కార్బొనేట్ రెండు టేబుల్ స్పూన్లు వేసి, పూర్తిగా కరిగాక బట్టలు ముంచండి. కరగని పలుకు రంగుబట్ట మీద పడితే అక్కడ చుక్కలా వెలిసిపోతుంది. కంపెనీ మరకల పొడిలో ఇతర సరుకులూ కలుస్తాయి కాబట్టి పాకెట్ మీది మోతాదే పాటించండి. నాలుగు నుంచి ఆరు గంటలు చాలు. అప్పటికి నీటిలో సత్తువ అయిపోతుంది, కాబట్టి మచ్చ ఇంకా ఉంటే అదే నీళ్ళలో రెండు రోజులు ఉంచడం కంటే కొత్తగా కలిపి మరోసారి పెట్టడం మేలు. రెండుసార్లు జాడించి, తడిగానే ఎండలో వేయండి.

పసుపు మరక ఉన్న బట్టను ఈ నీళ్ళలో వేస్తే ఎర్రబారుతుంది. సోడా తగిలితే పసుపు చేసే పని అదే, కంగారు పడక్కర్లేదు.

పట్టు, ఉన్ని దీంట్లో వేయకూడదు. అన్నప్రాశన నాటి పట్టుపావడా, జరీ అంచు ఉన్నవి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. లోహపు టిచ్ బటన్లున్న వాటిని గంటకు మించి నాననివ్వకండి, బటన్ చుట్టూ గుడ్డ బలహీనపడవచ్చు. కలిపిన నీళ్ళను సీసాలో పోసి బిగించొద్దు. లోపల ఆక్సిజన్ పేరుకుని సీసా పేలవచ్చు.

మందులషాపు పెరాక్సైడ్

బట్టంతా బాగుండి ఒకటి రెండు చుక్కలే ఉంటే బకెట్టూ వేడినీళ్ళూ ఎందుకు? 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చెంచాలకు గిన్నెల లిక్విడ్ ఒక చెంచా కలిపి పూసి, అరగంట ఆగి ఉతికేయండి. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్ళు కలపాలి. రంగు బట్టయితే ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించండి. ఎప్పుడో తెరిచిన సీసాలో సత్తువ తగ్గిపోయి ఉండవచ్చు.

క్లోరిన్ బ్లీచ్

తెల్లబట్టలంటే చాలామంది చేయి ముందు దీని మీదికే పోతుంది. పాల మచ్చల విషయంలో మాత్రం ఇది అన్నిటికంటే చెడ్డ ఎంపిక. మాంసకృత్తుల అవశేషం మీద క్లోరిన్ పడితే పచ్చదనం పెరగవచ్చు. సాగే పట్టీల్లోని స్పాండెక్స్ పచ్చబడి పట్టు వదిలేస్తుంది. బోరునీళ్ళలో ఇనుముంటే తుప్పురంగు బట్టంతా అంటుకుంటుంది. మూత్రం ఉన్న లంగోటీల మీద పోస్తే క్లోరమైన్ వాయువు, వెనిగరో నిమ్మరసమో కలిపితే క్లోరిన్ వాయువు పుడతాయి, రెండూ ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంట్లో సీసా ఉన్నా బాత్రూం నేలకు వాడుకోండి.

బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పొంగించే చిట్కా చూడ్డానికి బాగుంటుంది. ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. నీలిమందు మచ్చను తీయదు, కంటికి కనబడకుండా చేస్తుంది.

మళ్ళీ దాచేటప్పుడు

కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ వేయకుండా ఉతికి, రెండుసార్లు జాడించి, పూర్తిగా ఆరాక, బట్టల్లోని ఎండ వేడి కూడా పోయాక మడవండి. ప్లాస్టిక్ కవరు బదులు ఉతికిన పాత పంచె ముక్కలో మూటకట్టండి, చెక్క అరకు నేరుగా ఆననివ్వకండి. కలరా ఉండలు మాత్రం పెట్టొద్దు. ఎర్రరక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిపిల్లలకు, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే ఎర్రరక్తకణాలు చితికి కామెర్లు ముదరవచ్చు. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్ళలో పరీక్ష చేయించి ఉండరు. ఇప్పటికే ఉండలతో దాచి ఉంటే, వాసన పూర్తిగా పోయేదాకా ఉతికి, ఎండలో ఆరవేసి, ఆ తర్వాతే బిడ్డకు తొడగండి.