పురానీ హవేలీ: బంగారం చూడటానికి వెళ్లి బీరువా దగ్గర ఆగిపోయాను

హైదరాబాదు పాతబస్తీలో, దారుల్‌షిఫాకు దగ్గరలో ఉన్న పురానీ హవేలీని, అందులోని నిజాం మ్యూజియాన్ని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఒక పర్యటన సంస్థ బస్సులో వెళ్లాను. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చార్మినారుకూ నడుమ దీనికి ఇరవై నిమిషాలే ఇచ్చారు. బంగారు టిఫిన్ డబ్బా చూపించి మళ్లీ బస్సెక్కించారు. ఆ వెలితి తీరక, ఈసారి ఒంటరిగా వెళ్లి రెండు గంటలకు పైగా గడిపాను.

పద్దెనిమిదో శతాబ్దంలో రెండో నిజాం అయిన నిజాం అలీఖాన్ ఈ భవనాన్ని దివాను రుక్నుద్దౌలా నుంచి తీసుకుని తన కుమారుడు సికందర్ జా నివాసానికి అనువుగా పెంచాడు. సికందర్ జా కొంతకాలం ఇక్కడ ఉండి తర్వాత ఖిల్వత్ మహల్‌కు మకాం మార్చడంతో, జనం దీన్ని పాత హవేలీ అనసాగారు, ఆ పేరే స్థిరపడింది. అయితే ఈ ఇంటికి అసలైన వైభవం ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో వచ్చింది. మూడేళ్లయినా నిండకముందే, 1869లో గద్దెనెక్కి, 1911లో కన్నుమూసే వరకు పాలకుడిగా ఉన్న ఆయనకు ఇది ఇష్టమైన నివాసం. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1886లో పుట్టింది కూడా ఇక్కడే.

మహబూబ్ అలీఖాన్ దుస్తుల బీరువా ముందు నిలబడితే తప్ప ఆయన ఎలా బతికాడో అర్థం కాదు. బీరువా అంటే మన ఇంట్లో గోడవారన నిలబెట్టేది కాదు. బర్మా టేకుతో చేసి, రెండు అంతస్తులుగా, నూట డెబ్బై అడుగులకు పైగా సాగిపోయే ఒక పొడవాటి గది అది. ఇరువైపులా తలుపులు, ఆ తలుపుల మీద మళ్లీ తలుపులు. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు ఉంది. ఒకసారి కట్టిన బట్టను ఆయన మళ్లీ కట్టేవాడు కాదని పాతబస్తీలో చెప్పుకుంటారు. అది నిజమైనా కాకపోయినా, ఆ వరుస మధ్య నడుస్తున్నప్పుడు నమ్మబుద్ధవుతుంది. ఒక తలుపు దగ్గర ఆగి చూశాను: టేకు ఇంకా గట్టిగానే ఉంది, దాని రేఖలు అరచేతి గీతల్లా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పట్టుబట్టలు వెళ్లిపోయి చెక్క మిగిలిన ఆ చోట నేను చాలాసేపు ఉండిపోయాను.

అదే మహబూబ్ పాషాను, పాము కాటుకు మందు తెలిసినవాడని, ఎంత రాత్రయినా తనను లేపవచ్చని ఆజ్ఞ ఇచ్చాడని కూడా జనం తలుచుకుంటారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు రాజు ఆయనే. ఆ నది ఈ హవేలీకి ఎంతో దూరంలో లేదు.

మ్యూజియంలో ఉన్న సామగ్రి మాత్రం చాలావరకు కొడుకుది. ఉస్మాన్ అలీఖాన్ పాలన రజతోత్సవాన్ని 1937లో జరిపినప్పుడు వచ్చిన కానుకలు, మెమెంటోలు ఇక్కడ పెట్టారు: రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, అత్తరు భరిణెలు, నగరంలోని ప్రసిద్ధ భవనాలకు వెండితో చేసిన నమూనాలు, ఉత్సవంలో ఆయన కూర్చున్న బంగారు పూత ఆసనం. వెండి తీగ పనిని దగ్గరగా చూస్తే మన కరీంనగర్ పనివారి ఓర్పు గుర్తుకు వస్తుంది. ఆ ఏడాదే ఫిబ్రవరిలో ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా టైమ్ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన ఆయన, తన నివాసమైన కింగ్ కోఠీలో పాత షేర్వాణీతో, మాసిన టోపీతో కాలం గడిపాడని ప్రతీతి. తండ్రి బట్టలకు అన్ని అడుగుల బీరువా, కొడుకుకు ఒక్క షేర్వాణీ! ఈ రెండు జీవితాలు ఒకే కప్పు కింద పక్కపక్కన కనిపించడమే నా దృష్టిలో ఈ మ్యూజియం గొప్పతనం.

2018 సెప్టెంబరులో ఆ టిఫిన్ డబ్బాను, బంగారు కప్పూ సాసరూ చెంచాలను దొంగలు వెంటిలేటరు గుండా దిగి ఎత్తుకుపోయారు. పోలీసులు పది రోజుల్లోపే వాటిని పట్టి తెచ్చారు. అందరి చూపూ మొదట డబ్బా మీదికే పోవడం సహజమే, కాని నా మాట వినండి: దాన్ని చివరికి వదిలి ముందుగా బీరువా వైపు నడవండి.

శుక్రవారం సెలవు. మిగిలిన రోజుల్లో ఉదయమే వెళితే రద్దీ తక్కువగా ఉంటుంది. పిల్లలు ఉంటే చెక్క లిఫ్టు దగ్గర ఆగి, కరెంటు లేని రోజుల్లో మనిషి బలంతో మనిషి పైకి ఎలా వెళ్లేవాడో చెప్పండి. మా మేనల్లుడికి నేను ఫోటో చూపించి చెప్పినప్పుడు, వాడు దాన్ని లాగిన మనిషి పేరేమిటని అడిగాడు.