నాలుగేళ్ల గుంటగలగర నూనె, ఒక పాడైన సీసా

గుంటగలగర (భృంగరాజ్) నూనె అంటే నాకు చాలా ఇష్టం. కింద ఫిర్యాదులు ఎక్కువ కనబడతాయి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు మాడుకు పట్టిస్తున్నాను. బజారులో కొన్నది కాదు, ఇంట్లో కాచుకున్నదే.

2021 సెప్టెంబరులో నాకు డెంగీ వచ్చింది. తగ్గిన రెండున్నర నెలలకు జుట్టు ఊడటం మొదలైంది. తలంటుకున్నప్పుడల్లా బాత్రూమ్ జాలీ మీద గుప్పెడు వెంట్రుకలు. పాపిడి వెడల్పయింది, జడకు రెండు చుట్లు తిరిగే రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిరగసాగింది. అద్దం ముందుకు వెళ్లాలంటేనే టెన్షన్. సంక్రాంతికి ఊరెళితే మా పెద్దమ్మ నా తల చూసి ఏమీ అనలేదు. తెల్లారి బోదె గట్టు నుంచి సంచెడు గుంటగలగర పీక్కొచ్చింది.

గడ్డిచామంతిని చూసి ఇదే అనుకునేవాళ్లు ఉన్నారు. పెద్దమ్మ పరీక్ష ఒక్కటే: ఆకు అరచేతిలో నలిపితే పసరు కాసేపటికి నల్లబడాలి. నా చేతి గీతల్లో ఆ నలుపు రెండు రోజులు పోలేదు. రోట్లో దంచి, గుడ్డలో పిండి, ఆ పసరును గానుగ నువ్వుల నూనెలో కలిపి ఇనప మూకుట్లో సన్నసెగ మీద పెట్టింది. పూటంతా పట్టింది.

ఏప్రిల్‌కల్లా ఊడటం ఆగింది. కనబడినవాళ్లందరికీ చెప్పాను. నా మాట మీద కాచుకున్నవాళ్లు అరడజను మంది ఉంటారు.

2023 జులైలో నేనే సొంతంగా కాచాను. హైదరాబాదులో ముసురు, రోలు లేదు, మిక్సీలో ఆకు నలగక గ్లాసుడు నీళ్లు పోశాను. పసరులో తడి పూర్తిగా ఇగిరిపోతేనే నూనె నిలవుంటుంది. అది తెలుసుకోవడానికి వత్తిని నూనెలో ముంచి వెలిగిస్తారు, చిటపటలాడితే ఇంకా నీరున్నట్టు. ఆ రోజు బాబు స్కూల్ బస్సు వచ్చే టైమయింది. చప్పుడు తగ్గింది కదా అని వత్తి చూడకుండానే దించేశాను. సీసా కూడా సరిగా ఆరలేదు.

రెండు వారాలకు అడుగున పచ్చటి జిగురు పేరుకుంది, మూత తీస్తే పులిసిన వాసన. ఆకు వాసనేలే అనుకుని అదే రాసుకున్నాను. మెడ వెనక, చెవుల పైన చీముపొక్కులు లేచాయి. దిండు మీద తల ఆనిస్తే ప్రాణం పోయేది. చర్మం డాక్టరమ్మ చూసి కుదుళ్లకు ఇన్ఫెక్షన్ అంది. మందులు ఇచ్చి, ఆరు వారాలు ఏ నూనే రాయొద్దంది.

ఆ రోజే నా పాత సంగతంతా అడిగింది. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు ఇలా ఒక్కసారిగా ఊడుతుందట, ఆరు నెలల్లో చాలామందికి దానంతట అదే తగ్గుతుందట. ఇంటికొచ్చి నెలలు లెక్కపెట్టుకున్నాను, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. సరిగ్గా సరిపోయింది. రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది) 11 వచ్చింది, అంటే తక్కువే. పాపిడి దగ్గర పిల్ల వెంట్రుకలు బాగా కనబడింది ఐరన్ బిళ్లలు వాడిన తర్వాతే. నూనె ఊడటాన్ని ఆపిందని అప్పుడు చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పను.

2008లో మగ ఎలుకల మీద గుంటగలగరతో చేసిన ప్రయోగంలో వెంట్రుకలు త్వరగా పెరిగాయి. అయితే వాళ్లు వాడింది పెట్రోలియం ఈథర్, ఆల్కహాల్ లాంటి ద్రావకాలతో తీసిన సారం, మనం మూకుట్లో కాచేది కాదు. మా ఆయన నడినెత్తికి ఇదే నూనె ఏడాదిన్నర పట్టించాను, ఒక్క వెంట్రుక మొలవలేదు. ఆయనది వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన బట్టతల, హార్మోన్ల సంగతి. అలాంటి బట్టతలకు రోజ్‌మేరీ నూనెను 2 శాతం మినాక్సిడిల్‌తో (బట్టతలకు రాసే మందు) పోల్చి 2015లో వందమందితో ఒక పరీక్ష చేశారు. మూడో నెలకు రెండింటిలో దేనితోనూ తేడా లేదు, ఆరో నెలకు రెండింటితోనూ జుట్టు పెరిగింది. ఆయన ఇప్పుడు డాక్టరు రాసిన మందే వాడుతున్నారు. నా తెల్ల వెంట్రుకలు కూడా నల్లబడలేదు.

అయినా నేను మానలేదు. తల పొడిబారడం పోయింది, చిక్కు తీస్తుంటే వెంట్రుకలు తెగడం బాగా తగ్గింది, రాసుకున్న రాత్రి నిద్ర బాగా పడుతుంది. పొడవు జుట్టు, పొడి మాడు ఉన్న నాకు అది చాలు. మీది జిడ్డు మాడైతే, చుండ్రు ఉంటే నా మాట పట్టుకుని కాచుకోకండి. గుత్తులుగా ఊడుతుంటే ముందు థైరాయిడ్, ఐరన్ చూపించుకోండి.

ఇప్పుడు కాచిన ప్రతిసారీ పెద్దమ్మకు ఫోన్ చేసి, ఫోన్‌ను మూకుడు దగ్గరగా పట్టుకుంటాను. ఆవిడ కాసేపు చప్పుడు వింటుంది. "ఇంకా తడుందే, దించకు" అంటుంది.