ముసురులో టర్కీ వేట: మిస్సోరీలో బస ఎక్కడ, మాటు ఎక్కడ

ఏప్రిల్‌లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఓజార్క్ కొండలకు టర్కీ కోళ్ల వేటకెళ్తే ఒకటి రెండు రోజులైనా వాన తప్పదు. ఎండ రోజుకు కుదిరిన చోటు వాన రోజుకు కుదరదు.

చినుకుల చప్పుడులో టర్కీకి శత్రువు అడుగు వినపడదు. అందుకే అడవి వదిలి, నాలుగు వైపులా కనిపించే బీడులోకి వస్తుంది. కూత కూడా తగ్గిస్తుంది. ఇక్కడి మార్క్ ట్వైన్ జాతీయ అడవి దాదాపు 15 లక్షల ఎకరాలు, ఏర్పాటు చేసిన క్యాంపు స్థలాల్లో కాకుండా విడిగా వేసుకునే గుడారానికి పైసా కట్టక్కర్లేదు. కానీ ఎక్కువ భాగం చెట్లే. పైగా ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకే వేట ఆపాలి. పదకొండుకు వాన తెరిపిస్తే మిగిలేది రెండు గంటలు. ప్రైవేటు భూముల్లో 2024 నుంచి సూర్యాస్తమయం దాకా వేటాడొచ్చు. వాన వెలిశాక పక్షులు రెక్కలు ఆరబెట్టుకునే మధ్యాహ్నం అక్కడే దక్కుతుంది. ముసురు పట్టినప్పుడు పశువుల బీడున్న రైతుకు డబ్బు కట్టడం దండగ కాదు.

గైడును మాట్లాడుకునేటప్పుడే అడగండి: బీడు అంచున మాటు గుడారం ముందురోజు సాయంత్రమే వేసిపెడతారా? ఉరుములతో పోయిన పూటకు బదులు మరో పూట ఇస్తారా? కుట్ల దగ్గర కారని గుడారమేనా?

టర్కీ కూతను అనుకరించే చెక్కపెట్టె, అంటే బాక్స్ కాల్, తడిస్తే మూగబోతుంది. సుద్ద నాని చెక్కకు రాపిడి పోతుంది. రాతి పలక కాల్ కూడా అంతే. నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్‌కు తడి బెడద లేదు. అది అలవాటు లేనివాళ్లు గాజు పలక, యాక్రిలిక్ పుల్ల తీసుకెళ్లాలి. వాన నీరు దూరకుండా తుపాకీ గొట్టం మూతికి ఒక్క పొర ఎలక్ట్రికల్ టేపు చాలు. బొమ్మ పక్షిని 20 గజాల్లో నిలపండి.

హెచ్‌-1బీ వీసాపై ఉన్న మనవాళ్లు జాగ్రత్త. చెల్లే వేట లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ నేరం, అది స్నేహితుడిదైనా సరే.

బస విషయానికొస్తే, రెండు రోజుల వానకు గుడారంలో బూట్లు ఆరవు. మోంటాక్ స్టేట్ పార్కు క్యాబిన్లు హాయిగా ఉంటాయి, పార్కు లోపల మాత్రం వేటాడకూడదు. బట్టలారబెట్టే యంత్రం కావాలంటే రోలా ఊళ్లో మోటలే నయం. అన్నిటికన్నా ముఖ్యం, బస, వేటచోటు వాగుకు ఒకే వైపున ఉండాలి. ఇక్కడి పల్లె రోడ్లు చాలాచోట్ల వంతెన లేకుండా వాగులోంచే దాటుతాయి. రాత్రి వానకు తెల్లారేసరికి దారి మూసుకుపోతుంది.

పక్షి పడ్డాక పేగులు వెంటనే తీసి చల్లబరచాలి. అదే రోజు రాత్రి 10 లోపు టెలిచెక్‌లో, అంటే వేటాడిన పక్షిని ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో తెలిపే రాష్ట్ర వ్యవస్థలో, నమోదు చేయాలి. లోయల్లో సిగ్నల్ అందదు, మిట్ట ఎక్కగానే ఆ పని ముగించండి.