ఒరిగే పడవకు రేడియో బిగింపు: ఒక జార్జిటౌన్ దుకాణం పనితీరు

మా 22 అడుగుల తెరచాప పడవకు, సముద్రంలో ఓడలతో మాట్లాడేందుకు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో బిగించే పనిని చెన్నై జార్జిటౌన్‌లోని ఒక దుకాణానికి అప్పగించాను. మొదటిసారి చేసిన పని నాసిరకం. రెండోసారి చేసినది మెచ్చదగినది. తప్పును వాదనకు దిగకుండా సరిదిద్దారు కనుక దుకాణం పేరు రాయడం లేదు.

సెల్‌ఫోన్ ఉండగా ఇంత ఖర్చు ఎందుకని ఇంట్లో అడిగారు. 2016 డిసెంబరులో వార్దా తుపాను వచ్చినప్పుడు ఊళ్లో ఫోన్లు మూగబోయిన సంగతి గుర్తు చేశాను. పైగా ఫోనులో మాట ఒక్కరికే చేరుతుంది. 16వ ఛానల్‌లో, అంటే 156.8 మెగాహెర్ట్జ్‌పై, పిలిస్తే అందుబాటులో ఉన్న ఓడలూ కోస్ట్ గార్డూ ఒకేసారి వింటారు.

1911 నుంచీ రాయల్ మద్రాస్ యాచ్ట్ క్లబ్ ఉన్న నగరమే అయినా ఇక్కడ సొంత తెరచాప పడవలున్నవారు తక్కువ. అందువల్ల ఈ దుకాణంవారి అనుభవమంతా కాసిమేడు చేపల రేవులోని మరపడవల మీద సంపాదించినదే. అసలు చిక్కు అక్కడే వచ్చింది. "పొడుగు యాంటెన్నా అయితే దూరం పోతుంది సార్" అంటూ మేస్త్రి 6 డెసిబెళ్ల గెయిన్ ఉన్న పొడవాటి యాంటెన్నాను మా మాస్టు (తెరచాప స్తంభం) కొనకు బిగించారు. గెయిన్ అంటే యాంటెన్నా ఒక దిశలో సంకేతాన్ని ఎంత పెంచుతుందో చెప్పే కొలత. గెయిన్ పెరగడమంటే శక్తి పెరగడం కాదు. ఉన్న శక్తినే పలుచని పళ్లెంలా సముద్రానికి సమాంతరంగా పరచడం. నిటారుగా సాగే మరపడవకు అది లాభమే. గాలికి ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు ఒరిగి నడిచే మా పడవలో ఆ పళ్లెం ఒక పక్క నీటిలోకి, మరో పక్క ఆకాశంలోకి వాలిపోతుంది. అయిదు మైళ్ల దూరంలోని మిత్రుడికి పడవ నిలకడగా ఉన్నప్పుడు స్పష్టంగా వినిపించిన నా గొంతు, తెరచాప నిండగానే ముక్కలు ముక్కలుగా వినిపించింది. తెరచాప పడవకు మూడడుగుల, 3 డెసిబెళ్ల యాంటెన్నాయే తగినది. మాస్టు కొనపై బరువూ తగ్గుతుంది.

రెండో లోపం కేబుల్‌లో బయటపడింది. యాంటెన్నా నుంచి సెట్టు దాకా సుమారు 15 మీటర్లకు సన్నని ఆర్‌జీ-58 రకం కేబుల్ వేశారు. ఈ పౌనఃపున్యంలో అంత పొడవుకు ఆ కేబుల్‌లో దాదాపు 3 డెసిబెళ్లు, అంటే 25 వాట్లలో సగం, దారిలోనే హరించిపోతుంది. దాని బదులు మందమైన ఆర్‌జీ-213 వేస్తే సుమారు 18 వాట్లు పైదాకా చేరుతాయి. సెట్టు కోసం పదిచోట్ల బేరమాడి కేబుల్ దగ్గర పొదుపు చేయడం, ఖరీదైన మోటారు కొని ఓటి గొట్టం తగిలించడం లాంటిది. పైగా కేబుల్ చివర పెట్టే పీఎల్-259 ప్లగ్గులో, కేబుల్ చుట్టూ ఉండే అల్లిక తీగకు టంకం వేయకుండా నొక్కి వదిలేశారు. యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు 2.6 చూపింది; అది 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఫిర్యాదు చేసిన మూడో రోజున మేస్త్రి స్వయంగా వచ్చారు. మాస్టు దింపించి, యాంటెన్నానూ కేబుల్‌నూ మార్చి, ప్లగ్గులకు నా కళ్ల ముందే టంకం వేశారు. కీళ్లపై తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, కేబుల్ లోపలికి వెళ్లే చోట నీటిబొట్టు జారిపోయేలా కిందికి ఒక వంపు వదిలారు. మీటరు 1.3కు దిగింది. బ్యాటరీ తీగలనూ మార్చమన్నాను. మాట్లాడేటప్పుడు సెట్టు అయిదారు ఆంపియర్లు లాగుతుంది కనుక, వారు ముందు వేసిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో అర వోల్టు పోతోంది. దానికి 4 చదరపు మిల్లీమీటర్ల కళాయి పూత రాగి తీగ వేసి, ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టారు. స్పీకరు అయస్కాంతం దిక్సూచిని పక్కకు లాగుతున్నట్టు గమనించింది మాత్రం ఆయనే. సెట్టును అడగకుండానే దూరంగా జరిపారు.

కాగితాల విషయంలో వారు నోరు మెదపలేదు, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఇలాంటి సెట్టుకు టెలికమ్యూనికేషన్ల శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు కావాలి. ఆపదలో నొక్కే ఎర్ర బటన్ 70వ ఛానల్‌లో పిలుపు పంపాలంటే 419తో మొదలయ్యే తొమ్మిదంకెల ఎమ్‌ఎమ్‌ఎస్‌ఐ సంఖ్యను, అంటే పడవ గుర్తింపు సంఖ్యను, అందులో నమోదు చేయాలి. చాలా సెట్లు ఆ సంఖ్యను ఒకటి రెండుసార్ల కంటే ఎక్కువ మార్చనివ్వవు కనుక ఎవరో తోచిన అంకెలు నొక్కితే ఇబ్బందే. ఆ సంఖ్య లేకుండా బటన్ ఉన్నా లేనట్టే.

ఒకటి మాత్రం చెప్పాలి. ఈ దుకాణానికి వెళ్లేవారు తమ పడవ ఒరుగుతుందని ముందే చెప్పి, కేబుల్ రకాన్ని బిల్లులో రాయించుకోవాలి. తీగల పటం ఇవ్వరు. అడిగితే మేస్త్రి బిల్లు వెనకాలే పెన్సిల్‌తో గీసి, ఏ రంగు తీగ ఎటు పోతుందో తెలుగులో రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్యూజు పెట్టె మూత లోపల అతికించాను.