పెరటి చెట్ల పరీక్ష: విశాఖలో ఒక సేవ గురించి నా అభిప్రాయం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో మహావృక్షాలు వేళ్లతో సహా పెకలివచ్చి ప్రహరీల మీదా, కార్ల మీదా, కరెంటు తీగల మీదా పడ్డాయి. ఆ దెబ్బతో పెరట్లో పెద్ద చెట్టు ఉండడమే ప్రమాదమన్న అభిప్రాయం చాలా ఇళ్లలో స్థిరపడిపోయింది. గాలి పెరిగితే చాలు, కొట్టించేద్దామనే మాట వస్తుంది. ఏ చెట్టుకు నిజంగా ప్రమాదం ఉందో, ఏ చెట్టుకు లేదో పరీక్షించి చెప్పే మనుషులు అందుబాటులో లేకపోవడమే దీనికి ముఖ్య కారణమని నా నమ్మకం. అటువంటి పరీక్ష చేసే ఒక చిన్న బృందం మా ప్రాంతంలో పనిచేస్తోందని తెలిసి, మా పెరట్లోని తురాయి, మామిడి, వేప, కొబ్బరి చెట్లను వారికి చూపించాను.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది వారి రుసుము పద్ధతి. చెట్టు చూసినందుకు వారు డబ్బు తీసుకుంటారు, కొట్టే పని మాత్రం ఒప్పుకోరు. మామూలుగా మనం పిలిచేది రంపం పట్టుకొని వచ్చే మేస్త్రీని. చెట్టు కొడితేనే అతనికి కూలి గిడుతుంది, కలప మీద కూడా కొంత వస్తుంది, కాబట్టి ఏ చెట్టును చూపించినా తీసేయడమే మంచిదంటాడు. కొట్టినా కొట్టకపోయినా తన రాబడిలో తేడా లేని మనిషి చెప్పే మాటకు విలువ వేరు. రుసుము పనిమనిషి రోజు కూలి కంటే కొంత ఎక్కువే అయినా, ఒక చెట్టు నిలబడితే అది ఏ లెక్కన చూసినా చాలా తక్కువ.

వచ్చిన పెద్దాయన ముందుగా పైకి చూడలేదు. తురాయి మొదట్లో రాలిన ఆకులను చేత్తో పక్కకు నెట్టి, నేలకు జానెడు ఎత్తున బెరడుకు అంటుకొని పెరిగిన ఒక గట్టి పుట్టగొడుగును చూపించారు. అది అరచేతి వెడల్పున, పైన వార్నిషు పూసినట్లు ఎర్రటి గోధుమరంగులో మెరుస్తూ, అంచున తెల్లగా ఉంది. దాని కింద నేల మీద, పక్కనున్న ఆకుల మీద కోకో పొడి చల్లినట్లు సన్నటి గోధుమరంగు ధూళి పరుచుకొని ఉంది. అది గానోడెర్మా అనే శిలీంధ్రమనీ, ఆ ధూళి దాని బీజాలనీ, బయట కనిపిస్తున్నది ఫలం మాత్రమేననీ, అసలు శిలీంధ్రం ఎప్పటినుంచో వేళ్లలోనూ మొదట్లోనూ ఉండి కొయ్యను తినేస్తోందనీ ఆయన వివరించారు. ఆ తరువాత కొయ్య సుత్తితో మాను చుట్టూ కొడుతూ వెళ్లారు. తూర్పు వైపు గట్టిగా పలికిన మాను ప్రహరీ వైపుకు వచ్చేసరికి డొల్లగా మోగింది. సన్నటి ఇనుప కడ్డీని వేరు పంగలోకి నెడితే అది ఏ అడ్డూ లేకుండా జానెడు లోతుకు దిగిపోయింది.

అదే తురాయి ఆ వేసవిలో కొమ్మ కనిపించకుండా పూసింది కనుక, ఇంత పచ్చగా ఉన్న చెట్టు లోపల పుచ్చిపోవడం ఎలా సాధ్యమని అడిగాను. నీటిని పైకి తీసుకుపోయేది బెరడుకు ఆనుకొని ఉన్న కొత్త పొరలేననీ, బరువును మోసేది మొత్తం మానూ, నాలుగు వైపులా పాకిన వేళ్లూ అనీ, లోపలి చేవ కుళ్లిపోయినా బయటి పొర బాగున్నంతకాలం ఆకులు, పూలు వస్తూనే ఉంటాయనీ ఆయన చెప్పారు. ఈ ఒక్క విషయం పెరడున్న ప్రతివారూ తెలుసుకోవాలని నేను కోరుకుంటున్నాను. చుట్టూ మిగిలిన గట్టి కొయ్య మందం మాను వ్యాసార్ధంలో మూడో వంతు కంటే తగ్గితే ఆ చెట్టును అనుమానించాలన్నది ఈ రంగంలో వాడే ఒక మోటు లెక్క. అయితే మా తురాయి విషయంలో కుళ్లు వేళ్లకే చేరింది కనుక ఆ లెక్కతో పనిలేదన్నారు. కొన్నేళ్ల క్రితం మురుగుకాలువ కోసం ప్రహరీ పక్కన కందకం తవ్వినప్పుడు ఆ వైపు వేళ్లన్నీ తెగాయి. తురాయి వేళ్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. అలా తెగిన చోటి నుంచే శిలీంధ్రం ప్రవేశించి ఉంటుంది. చెట్టును తీసేయాలని వారు రాసి ఇచ్చారు. నాకు బాధ కలిగింది కానీ, కారణం కళ్లారా చూశాను కనుక సందేహం మిగలలేదు.

మామిడి దగ్గర తీర్పు వేరుగా వచ్చింది. దాని మాను రెండుగా చీలిన పంగ చాలా ఇరుకుగా ఉండి, రెండు కొమ్మల మధ్య బెరడు లోపలికి నొక్కుకుపోయింది. అలాంటి పంగలో కొయ్యకు కొయ్య అతుక్కోదు కాబట్టి కాయల బరువుకో గాలికో నిలువునా చీలే అవకాశం ఉంటుంది. పంగ కింద బంక కారిన గీత ఉందా, పగులులో కొత్త తెల్ల కొయ్య కనిపిస్తోందా అని నిచ్చెన వేసి చూశారు. పగులు లేదు. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మ బరువు తగ్గిస్తే చాలుననీ, తల మొత్తం నరికి మోడు చేయవద్దనీ గట్టిగా హెచ్చరించారు. మోడుపై పుట్టే కొత్త రెమ్మలు పైపొరకే అతుక్కొని ఉంటాయి కనుక, అవి లావెక్కాక పాత కొమ్మల కంటే సులువుగా విరుగుతాయట.

వేప విషయంలో వారి ఓపిక మెచ్చుకోదగినది. 2021 ప్రాంతంలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ వేపచెట్ల కొమ్మల చివర్లు మాడిపోయినప్పుడు చచ్చిపోయాయనుకొని కొట్టేసినవారు ఉన్నారు. అది చాలావరకు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన ఎండుతెగులు. వాటిలో ఎన్నో చెట్లు తరువాత చిగురించాయి. మా వేపకు కూడా చివర్లు ఎండి ఉన్నాయి. రెమ్మను గోటితో గీరి లోపల పచ్చదనం చూపించి, దీనిని ముట్టుకోవద్దన్నారు. వేళ్లకు నీరూ గాలీ అందేలా దాని మొదటిదాకా పరిచిన సిమెంటు పలకలను మాత్రం తీయించమన్నారు. 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు ఉండరాదని ఆదేశించినది ఇందుకే. వంగి ఉన్న కొబ్బరి గురించి నేను ఎక్కువ భయపడ్డాను. అది చిన్ననాటి నుంచే వంగి, పైన మళ్లీ నిటారుగా తిరిగింది కాబట్టి భయం లేదనీ, ఈ మధ్యనే వంగి, వాలుకు ఎదురు వైపు మట్టి ఉబ్బి పగిలి ఉంటేనే వెంటనే దూరం జరగాలనీ చెప్పారు.

చెట్టు ఎంత బలహీనంగా ఉందన్నదే కాక, పడితే దేని మీద పడుతుందన్నది కూడా నివేదికలో రాయడం నాకు సబబుగా తోచింది. ఖాళీ స్థలంలో ఉన్న పుచ్చు చెట్టును పక్షులకు వదిలేయవచ్చు, పిల్లలు పడుకునే గది మీదికి వాలినదాన్ని వదలలేము.

లోపాలు కూడా చెప్పాలి. నివేదిక ఒక్క పేజీలో ముగిసింది. ఫొటోలు లేవు, పుట్టగొడుగు ఎక్కడ ఉందో చూపే బొమ్మ కూడా లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు తీయడానికి అనుమతి కోరేటప్పుడు అలాంటి ఆధారాలు ఉంటే పని తేలికవుతుంది. కొట్టేవారిని ఎవరిని పిలవాలో కూడా వారు చెప్పరు. నేను విడిగా పిలిచిన కూలీలు హెల్మెట్, నడుము తాడు లేకుండా చెప్పులతోనే చెట్టెక్కబోతే ఆపవలసి వచ్చింది. నరికే రోజున దగ్గరుండి పర్యవేక్షించే పని కూడా వీరు చేపడితే, దానికి విడిగా రుసుము తీసుకున్నా నేను సంతోషంగా ఇస్తాను.

ఇంటికి ఆనుకొని ఉన్న పెద్ద చెట్టు మొదట్లో పుట్టగొడుగు, పగులు, కొత్త వాలు కనిపించినవారికీ, ఈ మధ్య పక్కన కందకం తవ్వించినవారికీ ఈ సేవను నిస్సందేహంగా సూచిస్తాను. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలంలో వీరు దొరకడం కష్టం కాబట్టి ఎండాకాలంలోనే పిలవడం మంచిది. తీగలు దగ్గరలో ఉంటే, నరికే తేదీ నిర్ణయించే ముందే విద్యుత్ శాఖవారితో మాట్లాడి సరఫరా ఆపించే ఏర్పాటు చేసుకోవాలి.